సార్ పెట్టిన చీకటి

మా కెమెరామెన్ సార్ పోయారు. గండిమైసమ్మ దగ్గర జనరేటర్ లారీ కడుగుతుంటే ఫోన్ వచ్చింది. పైపులోంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి, కట్టేయాలన్న సోయి కూడా లేదు.

ఆయన ఆఖరి సినిమా ఇంకా విడుదల కాలేదు. దాన్ని పాడు చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను. రాయడం నాకెవరూ నేర్పలేదు, లైట్లు మోసేవాణ్ని.

సార్‌ది మేడ్చల్. పెళ్లి ఫొటోలతో మొదలై జాతీయ అవార్డు దాకా వెళ్లారు. ఆ తర్వాత వచ్చిన నిర్మాతలంతా హీరోయిన్‌ను తెల్లగా చూపించమన్నారు. "సున్నం గొట్టెటోన్ని పిలుసుకోన్రి" అనేవారు సార్. ఇక పని ఎవడిస్తాడు?

లైటు సరిచూసుకోవడానికి నన్నే నిలబెట్టేవారు. నాది నల్లమొహం. "నీ మొహం మంచిగ గనవడ్డదంటే అందరియి గనవడ్తయ్ రా." నా మొహానికి అంత విలువిచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

ఎవరింట్లో షూటింగైనా ముందు ఆ ఇంటి ఆడవాళ్లను అడిగేవారు: "పొద్దుగూకినంక యాడ కూసుంటరమ్మా?" లైటు సంగతి ఆ తర్వాతే.

ఈ ఆఖరి సినిమాకు శామీర్‌పేట చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ల ఇంట్లో తీశాం. సీన్‌లో ఆ ఇంటి అవ్వే చేపలు తోముతూ కూర్చోవాలి. మేం కిటికీకి నల్లగుడ్డ కడుతుంటే అవ్వ నవ్వింది.

"ఏంది సారూ, లారెడు లైట్లు దెచ్చి నా ఇంట్ల చీకటి జేస్తున్రు?"

"చీకటి గూడ నేనే వెట్టాలె అవ్వా. ఊకెనే రాదు."

గది ఇరుకు, వెలుతురు మళ్లించే షీటుకు స్టాండ్ పట్టలేదు. కెమెరా అసిస్టెంట్‌కు అప్పగించి, సారే వలల కుప్ప పక్కన మూలకు గొంతుక్కూర్చున్నారు. చేతిలో థర్మాకోల్ షీట్, వెనక నల్లరంగు. ముందువైపు తెలుపు మీద పడ్డ వెలుతురు అవ్వ చెంప మీదికి వెళ్తుంది.

"నేను వట్టుకుంట సార్" అన్నాను.

"నీ చెయ్యి ఊగుతది. చీకట్ల ఉన్న, నేనెవనికి గనవడ్త?"

దగ్గు ఆపుకుంటూ అలాగే కూర్చున్నారు.

ఆయన పోగానే సినిమా మొత్తం వెలుతురు పెంచమన్నాడు నిర్మాత. ఫోన్లలో కనబడదట. ఆ పని జరిగే కంప్యూటర్ గదికి పరుగెత్తి డైరెక్టర్‌ను బతిమాలాను.

"నా చేతుల్ల లేదు తమ్మీ."

కంప్యూటర్ ముందున్నవాడు అవ్వ సీన్ తెరిచి వెలుతురు పెంచాడు. గోడ తేలింది. వలలు తేలాయి. వలల పక్కన మోకాళ్లు.

"అన్నా, ఎవడు గీ ముసలోడు, నడుమల వచ్చి కూసున్నడు?"

"సార్ రా ఆయన! నోరు మంచిగ రానియ్. వెలుతురు తగ్గియ్యి, ఆయన జాగల ఆయన ఉంటడు!"

"తగ్గించుడెందుకు? మనిషిని తీసేస్తే అయిపాయె."

డైరెక్టర్ తల దించుకున్నాడు. కంప్యూటర్ ముందున్నవాడి కుర్చీ పట్టుకుని గుంజాను. ఇద్దరొచ్చి నన్ను తలుపు దాకా నెట్టారు. అక్కడి నుంచే చూశాను. ముందు మోకాళ్లు పోయాయి. తర్వాత దగ్గు ఆపుకుంటున్న మొహం. ఆఖరికి షీట్, దాన్ని పట్టుకున్న వేళ్లు. వాటి జాగాలో గోడ వచ్చింది.

అవ్వ చేపలు తోముతూనే ఉంది. ఆమె చెంప మీది వెలుతురు మాత్రం, ఎవరూ పట్టుకోకుండానే, ఊగకుండా నిలబడి ఉంది.