గొర్రెల గది గడియారమ్మ

పరిశోధనశాలలో అందరూ ఆమెను గడియారమ్మ అనేవారు. గొర్రె రక్తం గాజు గొట్టంలోకి తీసి, గోరువెచ్చని నీళ్లలో ఉంచి, అర నిమిషానికోసారి వంచి చూడటం ఆమె పని. వంచినా కదలకపోతే గడ్డకట్టినట్టు. ఎన్ని నిమిషాలు పట్టిందో రిజిస్టరులో రాసి సంతకం పెడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే. గడియారం చూడకుండా అర నిమిషం చెప్పగల మనిషికి ఇంట్లో పాలు మాత్రం రోజూ పొంగిపోతాయి, అది వేరే సంగతి.

ఆమెదో మొండి పద్ధతి. లారీ దిగిన గొర్రెను వెంటనే సూది తాకనివ్వదు. బెదిరిన జీవి రక్తం తొందరగా గడ్డకడుతుంది మరి. పక్కన కూర్చుని, రోజూ మెడ నిమిరి, అది నింపాదిగా నెమరేస్తేనే రక్తం తీస్తుంది.

కొత్తగా వచ్చిన సర్జన్‌కు అంత ఓపికెక్కడిది! ఆపరేషన్లలో రక్తం ఆపే మందు దొరికిందని ఆయనకు కాలు నిలవడం లేదు. ఆమె సెలవు పెట్టిన రోజు చూసి, పొద్దున దిగిన గొర్రెలకే మందెక్కించి రక్తం తీయించాడు. నాలుగు నిమిషాలు! మందివ్వని పాత గొర్రెలకేమో ఎనిమిది. ఇంకేం, వచ్చే నెల నుంచి మనుషులకే ఇద్దామన్నాడు. ఆమె సెలవు నుంచి రాగానే ఆ లెక్కల రిజిస్టరు ముందు పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా."

"పెట్టను సార్. అది మీ మందు గొప్పో, వాటి భయమో ఎవరికి తెలుసు?"

"నీకు డాక్టరు చదువు చెప్పిందెవరు?"

"గొర్రెలేనండి."

ఆయన ముఖం మాడిపోయింది. "అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇంట్లో అక్క తల బాదుకుంది. "ఒక్క సంతకమే కదే! మీ ఆయన పోయాక నిన్ను నిలబెట్టింది ఆ ఉద్యోగమే కదా!"

"అందుకే అక్కా, దాన్ని అబద్ధానికి వాడను."

అన్నదే గానీ, ఆమెకు భయం వేసింది. అన్నం సయించలేదు.

మర్నాడు రెండో విడత గొర్రెలు దిగే వేళకు, రానక్కర్లేదన్న మనిషి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి తన నియమం తనే తప్పింది. వణుకుతున్న గొర్రెను పట్టుకుని, మందు చుక్కైనా ఎక్కించకుండా రక్తం తీసి, గొట్టం సర్జన్ చేతికిచ్చింది.

"మీరే వంచి చూడండి సార్."

నాలుగో నిమిషానికి గొట్టం తలకిందులు చేసినా రక్తం జారలేదు. ఆమె రిజిస్టరు తెరిచి రాసింది: మందు లేదు. నాలుగు నిమిషాలు. గొర్రె బెదిరి ఉంది. కింద సంతకం పెట్టి, పుస్తకం ఆయన ముందుకు తోసింది.

ఆయన ఆ వరుస రెండుసార్లు చదివాడు. "అయితే ఓ వారం ఆగుదామంటావా?"

ఆమె అప్పటికే గడ్డి మీద కూర్చుని గొర్రె మెడ నిమురుతోంది.

"అది నెమరేసేదాకా ఆగుదాం సార్."