ఎడమకాలి నీలం పూసలు

తురామ పూసలు ముట్టుకుని ఏడాది దాటింది. ఆ కొండపల్లెలో ఆమెలా మైనం పరిచేవాళ్లు లేరని అందరూ అనేవారు. ఎండలో మెత్తబడిన తేనెమైనాన్ని సొరబుర్ర దొప్ప లోపల బొటనవేలితో పలచగా పులిమి, సూదిమొనతో ఒక్కొక్క పూసా అద్దేది. వానతల్లి ఆ దొప్పతోనే నీళ్లు తాగుతుంది. తాగుతూ అడుగున బొమ్మగా ఉన్న కోరికను చూస్తుంది.

కూతురు వేరికకు జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడినప్పుడు, తురామ దొప్ప నడుమ పిల్ల బొమ్మ పెట్టింది. ఆ కాలికి మాత్రం కొత్త పూసలు వాడ మనసొప్పక, అమ్మమ్మ వదిలివెళ్లిన దండ తెంపి, వెలిసిన నీలం పూసలు అద్దింది. పిల్లను వదిలి ఎడారిలోని వానతల్లి ఊట దాకా వెళ్లే వీల్లేక, యాత్రకు బయల్దేరుతున్న అన్న షౌరెమె చేతికిచ్చింది.

అతను సీసాలో ఊటనీళ్లు తెచ్చి పిల్ల నెత్తిన చల్లాడు. కాలు కదల్లేదు.

"ఊట గట్టునే పెట్టావు కదా అన్నా?"

"ఈ చేతులతోనే పెట్టాను. తల్లి కంటికి ఆనలేదేమో. చేసేటప్పుడు నీ మనసెక్కడుందో నీకే తెలియాలి మరి."

ఆ మాట ఆమెను తినేసింది. ఉపవాసంలో పొరపాటున ఉప్పు ముట్టానా, మైనం పులుముతూ ఎవరినైనా తిట్టుకున్నానా అని వెతుక్కుని వెతుక్కుని, చివరికి పూసల మూట చూరులో దోపేసింది.

ఈ ఏడు పిల్లను టెపిక్ పట్నం ఆసుపత్రిలో చూపించి వస్తుంటే, ఒక దుకాణం అద్దాల బీరువాలో ఆ దొప్ప కనిపించింది. పిల్ల బొమ్మ. వెలిసిన నీలం కాలు.

"చెయ్యి పెట్టకమ్మా, అది దేవుడికని చేసిన అసలు సరుకు," అంది దుకాణం ఆవిడ.

"ఎవరిచ్చారు?"

"మీ కొండమనిషే. ముందుపన్ను లేదు, ఒకటే నవ్విస్తాడు. ఇంకా తెమ్మంటే, చేసే మనిషి మానేసిందన్నాడు."

తురామ ఇంటికొచ్చి మూట దించింది. కొత్త దొప్పలో పిల్ల బొమ్మ పెట్టి, దండలో మిగిలిన నీలం పూసలతో మళ్లీ ఆ కాలు చేసింది. అన్నతో ఏమీ అనలేదు. యాత్రకు ముందు నిప్పు దగ్గర ప్రతివాళ్లూ తమ తప్పులు బయటికి చెప్పి, తప్పుకొక ముడి వేసి, ఆ తాడును కాల్చాలి. విన్నవాళ్లు కోపం పెట్టుకోకూడదు. అతను చెబితే చాలు, క్షమించక తప్పదు. చెప్పాలనే ఆమె కోరుకుంది.

షౌరెమె ఒక విధవరాలి సంగతి చెప్పాడు, బావమరిది దాచుకున్న మొక్కజొన్న సారా తాను దొంగతనంగా తాగిన సంగతి చెప్పాడు. అందరూ పడిపడి నవ్వారు.

"అంతేనా అన్నా?" అంది తురామ.

"ఇంకా కావాలా? నాకు అంత ఓపిక లేదే తల్లీ," అని నవ్వించి, తాడు నిప్పులో వేశాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. "ఏదీ, దొప్పియ్యి. ఈసారైనా మనసు పెట్టి చేశావా?"

"పెట్టాను. పోయినసారి కూడా పెట్టాను. టెపిక్ బీరువాలో చూసొచ్చాను."

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఆమె పిల్లను వీపున కట్టుకుంది, దొప్పను గుడ్డలో చుట్టి రొమ్ముకు కట్టుకుంది. యాత్రలో ఎవరి వెనక ఎవరు నడవాలో దాన్ని నడిపించే పెద్దాయన చెబుతాడు; ఒకసారి చెప్పాక మారదు. తురామకు అన్న వెనక చోటు వచ్చింది. ఊట దాకా అతని వీపే చూస్తూ నడవాలి.