రూతమ్మ కిటికీ

1998లో మాదాపూర్ రాళ్ల గుట్టల నడుమ గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేస్తుండేది. నేనక్కడ సూపర్‌వైజర్ని. మాకు చాయ్ పోసేది రూతమ్మ. అరవై అయిదేళ్లుంటాయి, రెండు కళ్లకూ శుక్లాలు. మనుషుల్ని గొంతుతో గుర్తుపట్టేది, రంగులు మాత్రం మసకగా తెలిసేవి. గ్లాసు అంచున వేలు పెట్టి, వేడి తగలగానే పోయడం ఆపేది. ఒక్క చుక్క ఒలకగా నేను చూడలేదు.

ఆమె కొడుకు జ్ఞానప్రకాశం మా దగ్గరే అద్దాలు బిగించేవాడు.

"గిన్ని అద్దాలెందుకు సారూ? మా మెదక్ చర్చిల మూడే రంగుల కిటికీలు. లోకమంత అండ్లనే ఉన్నది" అనేది.

మాది తాడిపత్రి. గుడి గోపురాల నీడలో పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా? "మా రాతిపని ముందర మీ గాజు యాపాటిది లేమ్మా" అని రోజూ ఉడికించేవాణ్ణి.

"కరువుల మా అమ్మ గింజల కూలికి రాళ్లు మోసి కట్టిన గుడి అది. ఒక్కసారి వచ్చి చూడు, నోరు మూస్తవు."

జూన్‌లో కంటి ఆపరేషన్ ఖాయమైంది. సోమవారం రమ్మన్నారు. రూతమ్మ మొండికేసింది.

"ముందుగాల మా చర్చిల పెద్ద కిటికీ చూస్త. అది కనపడితే నా కన్ను బతికున్నట్టు. అప్పుడే దవాఖానకు వస్త."

శనివారం మధ్యాహ్నం తల్లీకొడుకులు బయల్దేరాలి. ఆ రోజే పై అధికారులు వస్తున్నారని, ఒక్క అద్దం బిగించి పొమ్మని జ్ఞానప్రకాశాన్ని ఆపింది నేనే. ఒకటి కాస్తా మూడైంది. తప్పు నాది కాబట్టి ఆఫీసు జీపులో నేనే తీసుకుపోయాను.

మెదక్ చేరేసరికి పొద్దు వాలింది, పైగా ఆకాశమంతా మబ్బు. రాతి గోపురం కింద తలెత్తి నిలబడితే మెడ పట్టేసింది గానీ చివర కనిపించలేదు. లోపల బలిపీఠం వెనక కిటికీ మాత్రం నల్ల పలకలా ఉంది. రంగు గాజు కదా, బయట వెలుతురు లేకపోతే అందులో బొమ్మ కనిపించదు.

రూతమ్మ చాలాసేపు చూసి నేల మీద కూలబడింది.

"ఏం కనపడ్తలేదు బిడ్డా. ఎరుపు గూడ పోయింది."

"మాకు గూడ కనపడ్తలేదమ్మా. మొగులైంది" అన్నాడు కొడుకు.

"నన్ను సముదాయించకురా. మా అమ్మతోని గీ యాళకు వచ్చినప్పుడు రంగులు మెరిసేటియి. కన్నే పోయింది. ఇగ కోసి ఏం జేస్తరు?"

నేను ఒట్టేసినా నమ్మలేదు. ఒక్క అద్దం కోసం ఎంత పని చేశానురా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ రాత్రి చర్చి ఆవరణలోనే పడుకున్నాం. తెల్లారి మబ్బు విడుతుందో లేదోనని ఆమెకంటే నాకే ఎక్కువ భయం.

మబ్బు విడింది. తలుపులు తీయగానే జ్ఞానప్రకాశం తల్లిని చెయ్యిపట్టి నడిపించాడు. ఆమె తలెత్తనంటే ఎత్తనంది. నేను ఎత్తాను.

నల్ల పలక లేదు. పైకి లేస్తున్న క్రీస్తు, కింద నిలబడి చూస్తున్న శిష్యులు, నీలాలు, ఎరుపులు, ఎక్కడ చూసినా వెలుగు. వందల అద్దాలు ఎత్తించినవాణ్ణి, ఒక అద్దం ముందు చేతులు జోడించడం నాకదే మొదలు. తాడిపత్రి మాట ఎత్తలేదు.

"అమ్మా, ఒక్కసారి సూడమ్మా" అని బతిమాలాను.

మెల్లగా తలెత్తింది.

"బొమ్మ తెలుస్తలేదు... నీలం. గదిగో ఎరుపు. ఎరుపున్నది బిడ్డా!"

తర్వాత నావైపు తిరిగింది.

"నిన్న నీకు గూడ నిజంగనే కనపడలేదా సారూ?"

"ఒట్టమ్మా. నల్లగా ఉన్నింది."

కొంగుతో కళ్లు తుడుచుకుని కొడుకు చెయ్యి అందుకుంది.

"ఐతే నడువు బిడ్డా. రేపు దవాఖానకు పోవాలె."