మా పాత కారు మసక లైట్లు

నేను నిడదవోలు దగ్గర ఓ పల్లెలో టీచర్ని. రోజూ స్కూలుకి మా పదిహేనేళ్ల పాత కారులో వెళ్ళొస్తాను. ఆమధ్య దాని హెడ్‌లైట్లు మసకబారాయి. మెకానిక్ బల్బులు మార్చినా వెలుగు రాలేదు. పట్టుబట్టి బ్యాటరీ మార్పించాను, వైరింగంతా విప్పించాను.

"లోపలంతా బాగానే ఉందండి మేడమ్" అని నీళ్ళు నమిలాడు.

"బాగుంటే వెలగవేం? పని రాకపోతే రాదని చెప్పవయ్యా!" అని పదిమందిలో కడిగేశాను.

ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే చీకటి పడింది. కాలవగట్టు రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోశారు. ఆ రాశి నాకు కనబడనే లేదు. కారు దాంట్లోకి దూసుకుపోయి ఆగింది. పక్కనే కాపలా పడుకున్న ముసలాయన తలకీ టైరుకీ మధ్య జానెడు దూరం!

ఆయన తిట్టుకుంటూ లేచి, లైటు మీదకి వంగి గోటితో గీకాడు. "ఇంత మందాన పసుపేంటమ్మా?"

ప్రతి శుక్రవారం గడపకి రాసినట్టే లైట్లకీ నూనె కలిపిన పసుపు రాసేది నేనే. పాతది తుడిస్తే అశుభమని దానిమీదే రాసేదాన్ని. అదే అడ్డమని నాకు తట్టలేదు.

మర్నాడు మెకానిక్ మీద విరుచుకుపడ్డాను. "చూసి కూడా చెప్పలేదేం?"

"ముత్తైదువుని పసుపు తుడిచేయమని ఎలా చెప్పమంటారండి?" అన్నాడు తల దించుకుని.

ఇంకెవరిని తిట్టను? అతని మర్యాదా నా భక్తీ కలిసి ఒకాయన ప్రాణం మీదికి తెచ్చాయి. ఇప్పుడు గడపకి పసుపు రాసే ప్రతి శుక్రవారం నాకు ఆ జానెడు దూరమే గుర్తొస్తుంది.