ముందు ఎవరికి పంపాలి?

పెళ్లిళ్ల ఆంటీ పోయారని పోయిన నెల ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే మా ఆఫీసులో ఉన్నాను. తన సైటు నెమ్మదిగా ఉందని ఎవడో కస్టమర్ చాట్‌లో తిడుతున్నాడు. తిట్టుకోనీ అని వదిలేశాను.

ఆంటీ పద్మారావు నగర్‌లో ఇంటి ముందుగదిలోనే సంబంధాలు చూసేవారు. ఆవిడ సైటు, మెయిల్ మా సర్వర్ మీద ఉండేవి. ఆ ఒక్క సర్వర్ మీదే ఇంకా ఎందరివో సైట్లు. ఒకసారి ఓ చెప్పుల షాపు ఖాతాలోకి ఎవడో దూరి చెత్త మెయిల్స్ కుమ్మరించాడు. దాంతో మా సర్వర్ నుంచి ఏ మెయిల్ వెళ్లినా బయటి మెయిల్ కంపెనీలు తిప్పికొట్టాయి. అందుకే ఒక్కో యూజర్ గంటకు ఇన్నే పంపాలని పరిమితి పెట్టాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు, పడి లేచి నేర్చుకున్నాను. దాన్ని ఎవరైనా తప్పుపడితే కరిచేదాన్ని.

ఆంటీ ఆటో ఎక్కి నేరుగా మా ఆఫీసుకే వచ్చేశారు.

“నా మెయిళ్లు ఆపింది నువ్వేనా?”

“అందరియి ఆపిన ఆంటీ. ఒక్కో సంబంధం ఊరందరికీ ఎందుకు పంపుతున్నరు? కుదిరేటోళ్లకే పంపండ్రి.”

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “కుదరదని నాకు సుత ఎరుకే. పంపకపోతే, ఆంటీ సుత మనల్ని ఇడిసిపెట్టింది అనుకుంటరు బిడ్డా.”

చూస్తే, పరిమితి దాటినవన్నీ వెనక్కి వచ్చేస్తున్నాయి. పేర్ల వరుసలో చివరున్న ఇళ్లకు ఏదీ చేరడం లేదు.

ఇంత పంపే ఖాతా మనకొద్దు, తీసెయ్యమన్నాడు మా సార్. ఆవిడ ఎదుటే అరిచాను. “తీసేస్తే నన్ను సుత తీసెయ్ సార్!”

ఆంటీ నవ్వారు. “గింత కోపమున్న పిల్లకు సంబంధం యాడికెళ్లి తేవాలె?”

“నేనడిగిన్నా?”

“అడగనోళ్ల ఫొటోలే నా దగ్గర ఎక్కువున్నయి.”

మిగిలిన మెయిల్స్ వెనక్కి రాకుండా క్యూలో ఆగి, గంటగంటకూ కొన్ని వెళ్లేలా మార్చాను. ఆవిడ అడిగింది ఒక్కటే. “ముందు ఎవరికి పోతది?”

“పేర్ల వరుసల.”

“గట్ల కాదు. ఎక్కువ రోజులసంది చూస్తున్నోళ్లకు ముందు.”

అలాగే చేశాను. మొట్టమొదట నేరేడ్‌మెట్‌లో ఉండే ఒక టీచరమ్మ. ఆమె ఏ మెయిల్‌కూ జవాబిచ్చి ఎరగదు. అయినా ప్రతిసారీ ముందు ఆమెకే. ఆ తర్వాత ఆంటీ సాయంత్రాలు ఫోన్ చేసేవారు. “ఎవరిదాంక పోయింది బిడ్డా?” అని అడిగి, తిన్నావా అని కూడా అడిగేవారు. అప్పుడప్పుడు సర్వపిండి రొట్టెలు పంపేవారు, అంచులు మాడినవి. నాకు అవే ఇష్టమని ఎలా కనిపెట్టారో!

దినాలకు అందరికీ చెప్పాలని కోడలు అడిగింది. “ఈ ఒక్కసారికి లిమిట్ తీసెయ్, పోనీ” అన్నాడు సార్. నేను తియ్యలేదు. ఒక్కపెట్టున పంపితే అన్నీ చెత్త మెయిల్స్‌లో పడేవి. ఆవిడ చెప్పిన వరుసలోనే పంపాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా వెళ్తూనే ఉన్నాయి. చివరి ఇంటిదాకా చూసి లేచాను.

దినాల రోజు ఆ ముందుగది నిండిపోయింది. ఒకరినొకరు ఫొటోలో చూసి వద్దనుకున్న కుటుంబాలు ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నాయి. కొందరు గుర్తుపట్టి తల వంచుకున్నారు, కొందరు నవ్వేశారు. గుమ్మం బయట ఒకామె చెప్పులు విప్పి నిలబడింది. “నేరేడ్‌మెట్ నుంచి వచ్చాను” అంది మెల్లగా. లోపల ఎవరో పెద్దాయన కాస్త జరిగి, పక్క కుర్చీ మీది తన సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.