డ్రైవరన్న నేర్పిన టైమింగ్

మా అత్తగారింట్లో చానాళ్ళు కారు నడిపిన డ్రైవరన్న మొన్న మాచర్లలో పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు చిన్నమ్మగారూ" అంది. ఈ వయసులో నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆయన మీద నాకు కోపమూ ఉండేది, అదీ చెప్పాలి.

ఎనభైల్లో గురజాలలో మాది పెద్ద ఇల్లు, అంతకంటే పెద్ద ప్రహరీ. కోడలు గేటు దాటకూడదు. మా ఆయన కాంట్రాక్టు పనుల మీద ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. నాకు వంటిల్లు, పెరడు, పెరట్లో కారు షెడ్డు, అంతే లోకం. మామగారి కారు అప్పటికే ముసలిది, తరచూ టైమింగ్, అంటే ఇంజన్లో నిప్పు పడే అదను, తప్పేది. అది సరిచేసేటప్పుడు డ్రైవరన్న షెడ్డు తలుపులు మూసుకునేవారు. ఇంకొకరికి తెలిస్తే తన ఉద్యోగం ఊడుతుందని భయం.

ఆ భయమే చివరికి ఆయన్ని కట్టేసింది. మాచర్ల బస్సు డిపోలో ఉద్యోగానికి పిలుపొస్తే మామగారు కదలనివ్వలేదు.

"నువ్వు పోతే బండిని ఎవడు చూస్తాడ్రా? ఇంకోడికి నేర్పి పో."

ఇద్దరు కుర్రాళ్ళకు నేర్పారు. ఇద్దరూ పని రాగానే గుంటూరు వెళ్ళిపోయారు.

ఒకరోజు ఆయన షెడ్డు తలుపు తీసి నన్ను పిలిచారు. "మీరు నేర్చుకోండి చిన్నమ్మగారూ. మీరైతే ఈ ఇల్లొదిలి యాడికీ పోరు గదా."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా వెళ్ళాను. ఆ ఇంట్లో ఒకరు నాకు ఏదైనా నేర్పుతాననడం అదే మొదలు.

కారు ముందు దూర్చే హ్యాండిల్‌తో ఇంజన్ని మెల్లగా తిప్పి, దాని మీదున్న గుర్తు దగ్గర ఆపాలి. నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి చిన్న బల్బు తగిలించి, డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి చొప్పున జరపాలి. లోపల పాయింట్లు విడగానే బల్బు వెలుగుతుంది. అక్కడే బోల్టు బిగించాలి. "నిప్పు ముందుగా పడిందా, హ్యాండిల్ ఎదురు తన్ని చెయ్యి ఇరగ్గొడతది. ఎనకబడిందా, బండి ఏడుస్తా నడుస్తది" అనేవారు. నా కొంగుకి గ్రీజంటితే, అత్తగారడిగితే తన పేరు చెప్పమనేవారు.

నాకు పని వచ్చిందని డ్రైవరన్న చెప్పాక, పరీక్ష రోజున మామగారు షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. బల్బు వెలిగింది. కాస్త పక్కకి జరిపి బిగిస్తే చాలు, బండి మొరాయిస్తుంది, డ్రైవరన్న ఉండిపోతారు. ఆ ఇంట్లో నాతో మనిషిలా మాట్లాడేది ఆయనొక్కరే. స్పానర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"బిగించండమ్మా" అన్నారాయన.

బిగించాను. ఆయన హ్యాండిల్ తిప్పారు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది.

"ఇంక నువ్వు పోవచ్చురా. అమ్మాయుందిగా" అని మామగారు లోపలికెళ్ళారు.

డ్రైవరన్న నావైపు సరిగా చూడలేకపోయారు. "నేను బయటపడ్డానికి మిమ్మల్ని పెట్టి పోతున్నా చిన్నమ్మగారూ."

"పోయి రా అన్నా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన గేటు దాటి వెళ్ళిపోయారు. కారు ఇంజన్ ఎక్కడా తడబడకుండా ఉన్నచోటే తిరుగుతోంది. పెట్రోలు దండగని మామగారు లోపల్నుంచి కేకేసేదాకా, వేడెక్కుతున్న బానెట్ మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడ్డాను.