తాళం పడ్డ మందుపెట్టె

ఆ బడిలో గంట కొట్టేదీ, వరండా ఊడ్చేదీ, జారిన లాగులు పైకి లాగేదీ ఒక్క మనిషే. పిల్లలకు ఆయమ్మ. నోరు పెద్దదే గానీ, దాన్ని అబద్ధాలకు ఏనాడూ వాడలేదు.

ఎవరూ అప్పగించని పని ఒకటి ఆమె తన నెత్తికెత్తుకుంది. బడిలో ఉబ్బసం ఉన్న పిల్లలు నలుగురు. ఇళ్ళలో అమ్మానాన్నలు తెల్లవారకముందే పనులకు పోతారు. రోజూ పీల్చాల్సిన మందు ఒకరోజు గుర్తుంటే రెండు రోజులు మరుపే. అందుకే డాక్టరు, ఉదయం మోతాదు బడిలోనే ఇప్పించమని చీటీ రాసిచ్చాడు. ఆయమ్మకు చదువు రాదు. ఒక్కో పిల్ల ఇన్హేలరుకు ఒక్కో రంగు దారం కట్టుకుంది. గంట కొట్టకముందే నలుగురినీ గోడవారన కూర్చోబెట్టి, డబ్బా ఊపి, గొట్టం మూతికి ఆనించి, "నెమ్మదిగా పీల్చవే, ఎవరూ లాక్కుపోవట్లేదు" అనేది.

ఏడాదిగా ఒక్కరికీ ఆయాసం రాలేదు. అదే కొంప ముంచింది.

కొత్తగా వచ్చిన పెద్ద టీచరు వారం చూసి, "గుర్రాల్లా గెంతుతున్న పిల్లలకు రోజూ మందేమిటి? అలవాటైపోదూ?" అని పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయాసం వస్తే తీస్తుందట.

"అమ్మగారూ, వానలు లేవని ఇంటి కప్పు పీకేసుకుంటామా?" అంది ఆయమ్మ.

"వైద్యం నీకేం తెలుసు?"

"వైద్యం తెలీదు, తప్పు తెలుసు. మా చిన్నది బాగానే ఉందిగదా అని నేనే మందు మానిపించా. తర్వాత దాన్ని భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తా. డాక్టరు తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి. మీకూ వినాలనుందా?"

"ఇచ్చే అధికారం నీకెవరిచ్చారు?"

"డాక్టరు చీటీ ఆ పెట్టెలోనే ఉంది. చదువుకున్నవారు మీరే గదా, చదవండి."

పెద్ద టీచరు ముఖం కందిపోయింది. "బీరువా జోలికొచ్చావో, రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు!"

వారం గడిచింది. పిచ్చుక అని అందరూ పిలిచే రెండో తరగతి పిల్ల మెట్లెక్కుతూ సగంలో కూలబడింది. రొమ్ములో పిల్లికూతలు. పెద్ద టీచరు పరిగెత్తి బీరువా తీసింది. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్హేలరు వేరే ఉంటుందనీ, అది నీలం రంగుదనీ ఆమెకు తెలిస్తేగా! ఆయమ్మే లాక్కుని పట్టించింది. కాసేపటికి పిల్ల కుదుటపడింది.

"చూశావా, అవసరమైనప్పుడు ఇచ్చాంగా" అని పెద్ద టీచరు పెట్టె లోపల పెట్టి మళ్ళీ తాళం తిప్పింది.

ఆయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే నాలుగిళ్ళూ తిరిగింది.

మర్నాడు నలుగురు తల్లులూ పని మానుకుని వచ్చి, "మా మందు మాకివ్వండి" అని తీసుకున్నారు. ఇంటికి మాత్రం పోలేదు. బడి గేటు బయటే, నడివీధి పక్కన ఆయమ్మ నలుగురు పిల్లల్నీ వరసగా కూర్చోబెట్టింది. వచ్చేపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూస్తున్నారు.

పెద్ద టీచరు పరుగున వచ్చింది. "ఏమిటీ నాటకం? బడి పరువు తీస్తున్నావు!"

"గేటు లోపల మీ పెత్తనం. ఇక్కడ కాదు. ఎండైనా వానైనా రోజూ ఇక్కడే. ఉద్యోగం తీసేస్తారా? తీసేయండి, ఊడ్చే పని తప్పుతుంది. ఈ పని మాత్రం తప్పదు."

పిచ్చుక తల్లి అందుకుంది. "లోపల ఇప్పిస్తే మాకీ వీధి ఎందుకు మేడమ్? నిన్న మా పిల్ల మెట్ల మీద పోయుంటే మీ తాళం మాకేం చెప్పేది?"

పెద్ద టీచరు వీధి వంక చూసింది, పిల్ల వంక చూసింది. "రేపటినుంచి లోపలే ఇవ్వు."

"వరండాలో. రోజూ. తాళం లేకుండా."

పెద్ద టీచరు తల ఒక్కసారి ఆడించింది. ఒప్పుకోవడం అంతకన్నా ఆమెకు చేతకాదు.

"మరి నిలబడి చూస్తారేం? మందు పీల్చాక నోరు పుక్కిలించాలి. ఆ చెంబు ఇటు పట్టండి" అంది ఆయమ్మ.

పెద్ద టీచరు చెంబు పట్టుకుంది. పిచ్చుక బుగ్గలు ఉబ్బించి పుక్కిలించి, చూసుకోకుండా ఆమె చెప్పుల మీదే ఉమ్మేసింది. ఆయమ్మ ఆ పిల్లను కసురుకోలేదు. రెండో పిల్ల ఇన్హేలరు అందుకుని ఊపడం మొదలుపెట్టింది.